తువ్వాల కింది వెలుతురు

జమ్మలమడుగు బస్టాండు ముందర చీనీ జ్యూసు బండి దగ్గర నిలబడి ఉన్నాను. మిగతావాళ్ళు బత్తాయి అనేదాన్ని మా వైపు చీనీ అంటాం. అక్కడి కాలేజీలో పరీక్షల పని ముగించుకుని ప్రొద్దుటూరు బస్సు కోసం చూస్తున్నాను. మధ్యాహ్నం ఎండకు నాలుక పిడచగట్టుకుపోయింది. బండాయన కువైట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వచ్చాడట, ఆ సంగతి నేను అడక్కుండానే చెప్పాడు. ఒక కాయ తీసుకుని, కత్తి పెట్టే ముందు, జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు. కాయను ఆ లైటు మీద ఆనించి, చుట్టూ వేళ్ళు మూసి, ఒక కన్ను మూసుకుని చూశాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

"ఏం చూస్తాండావు భాయ్?" అన్నాను.

"లోపల బెండుందేమోనని మేడం. పైకి బాగానే ఉంటాది, కోస్తే రసం రాదు. దీన్ని సార్ లైటు అంటారు. మండీలో యాపారస్తులు చేస్తాంటే చూసి నేర్చుకున్నా."

"ఏ సారు?"

"ఎవరో సారంట. ప్రొద్దుటూరాయనంట. నాకేం తెలుసు మేడం, ఐస్ వేయమంటారా?"

ఐస్ వద్దని చెప్పానో వేయమన్నానో గుర్తులేదు. గ్లాసు చేతిలో ఉండగానే బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. ఆ వేళ్ళు మూసే పద్ధతి, ఆ ఒక కన్ను మూయడం, మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించుకోవడం, అన్నీ మా కాలేజీ సారువే. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఏడవాల్సిందంతా ఏడ్చేశాననుకున్నాను గానీ, బస్టాండులో ఒక జ్యూసు బండాయన చేతుల్లో ఆయన కనపడేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు సిగ్గు. స్టాఫ్ రూములో ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిచినా కళ్ళద్దాలు తీసి తుడుచుకునే మనిషి. పిల్లలు 'చీనీ సార్' అనేవాళ్ళు. కొత్తలో అది వెక్కిరింపే. తర్వాత అటెండరు మొదలుకొని ప్రిన్సిపాల్ దాకా అందరూ అదే పేరుతో పిలిచారు, ఆయనా అదే పేరుకు పలికారు.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. స్టాఫ్ రూములో ఆయన బల్ల, నా బల్ల పక్కపక్కన. నేను తెలుగు చెబుతాను కాబట్టి సైన్సు వాళ్ళకు నేనంటే కొంచెం జాలి. ఆయనకు మాత్రం ఆ జాలి లేదు. "మీరు పద్యం లోపల ఏముందో చెప్తారు, నేను కాయ లోపల ఏముందో చెప్తా. ఇద్దరం తోలు వొలవకుండానే చెప్పల్ల మేడమ్, అదే కష్టం" అనేవారు. నేను పద్యాన్ని వొలిచి, పిండి, పిప్పి చేసి గానీ వదలనని ఆయనకు తెలియదు. నా క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు గదా.

ప్యాంటు చొక్కా వేసుకుని, టక్ చేసుకుని, మెడలో మాత్రం రైతు లాగా నూలు తువ్వాల వేసుకునేవారు. అది చూసి ప్రిన్సిపాల్ ఒకసారి మొహమాటంగా ఏదో అన్నాడట. "చెమట ఫిజిక్సు వాళ్ళకు కూడా పడతాది సార్" అని వచ్చేశారు. ఆ తువ్వాలతోనే కళ్ళద్దాలు, లెన్సులు తుడిచేవారు, బస్సులో దాన్నే మడిచి తలకింద పెట్టుకునేవారు. మధ్యాహ్నం భోజనం చేశాక దాంతోనే చేతులు తుడుచుకుంటే నేను మొహం చిట్లించేదాన్ని. ఆయన పట్టించుకునేవారు కాదు.

ఏ వస్తువు చేతికొచ్చినా ముందు కిటికీ వైపు తిప్పి వెలుతురుకు పట్టి చూడడం ఆయన అలవాటు. టీ గ్లాసు, పిల్లల జవాబు కాగితాలు, నేను తెచ్చిన దోసె, అన్నీ ఆ కిటికీ ముందు హాజరు కావాల్సిందే. "ఇక్కడ పల్చగా పోసినారు, ఇక్కడ మందం" అని దోసెకు మార్కులు వేసేవారు. ఒకసారి నాకు కొత్త చీర వస్తే దాన్ని కూడా పట్టి చూడబోయి, మధ్యలో ఏం చేస్తున్నారో తెలిసొచ్చి, నాలుక కరుచుకున్నారు. ఏదైనా తేలని సంగతి వస్తే ఆయన దగ్గర ఒకటే మాట: "చూస్తే తెలిసిపోతాది." పరీక్షలో కాపీ కొట్టింది ఎవరని అడిగినా అదే మాట, రేపు వాన వస్తుందా అన్నా అదే మాట.

వయసులో ఉన్నప్పుడు ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో, కరెంటు పెడితే వెలిగే పల్చని పొరల మీద పరిశోధన చేశారు. అదేంటని అడిగితే నా టిఫిన్ క్యారియర్‌లోని ఉల్లిపాయ ముక్క తీసుకుని, పొర ఒలిచి చూపించారు. ఒకదాని మీద ఒకటి అలాంటి పొరలు పేర్చాలట, కాకపోతే ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పల్చగా. పొర మందం పిసరంత మారితే వెలుతురు రంగు మారిపోతుందట. "రంగు చూసి పొర ఎంత మందముందో చెప్పడమే మా పని. ముట్టుకోకూడదు, కోయకూడదు. ఊరికే చూడల్ల" అన్నారు. ఆ పొరలు పెంచే యంత్రం ప్రొద్దుటూరులో దొరకదు. దాని గదికి సరిపడే దుమ్ము లేని గాలి కూడా మా ఊళ్ళో దొరకదు. ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చేశాక పొరలు అక్కడే ఉండిపోయాయి. ఆటసామాను పెట్టే పాత గది ఒకటి అడిగి తీసుకుని, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, బజార్లో దొరికే చిన్న దీపాలతో ఆ గదిలోనే ఏదో ఒకటి చేస్తూ ఉండేవారు. ఆ గదిలో ఎప్పుడూ టంకం వాసన, చీనీ తొక్కల వాసన కలిసి వచ్చేవి.

చీనీ ఎందుకంటే, వాళ్ళక్క కోసం.

ఆమెకు పులివెందుల దగ్గర చీనీ తోట. తల్లి తొందరగా పోతే ఈయన్ను చంకనెత్తుకుని పెంచింది ఆమే. బావ పోయాక తోట కూడా ఆమే చూసుకునేది. ప్రతి కాపుకూ ఒక గంపెడు కాయలు ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులో డ్రైవరు చేతికిచ్చి పంపేది. స్టాఫ్ రూమంతా తిన్నా అయిపోయేవి కావు. నేను ఆమెను రెండు మూడుసార్లు చూశాను. పొడుగ్గా, నల్లగా, మాట ఖచ్చితంగా ఉండే మనిషి. తమ్ముడు లెక్చరరని ఆమెకు గొప్పేమీ లేదు. "సదువు సెప్పేది సరే, అన్నం తింటాండాడా?" అని నన్ను అడిగేది.

ఆమెకు ఒక్క బాధ ఉండేది, దాని పేరు సూటు. చీనీ మండీలో తూకమేసేటప్పుడు ప్రతి టన్నుకూ ఇన్ని కిలోలని వ్యాపారి ఊరికే తీసుకుంటాడు. దాన్ని సూటు అంటారు. ఎందుకంటే, లోపల చెడిపోయిన కాయలు కొన్ని ఉంటాయి గదా, అవి బయటికి కనపడవు గదా, ఆ నష్టం కింద అంటారు. ధర కోసం కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆలస్యంగా తెస్తే సూటు ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే చల్లటి గదిలో తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రసం ఇంకిపోయి తొనలు బెండులాగా తయారవుతాయి. ఏ కాయ ఎప్పుడు బెండు పడుతుందో తోట వేసినవాళ్ళకు కూడా తెలియదు.

"కనపడని దానిక్కూడా నేనే ఇయ్యల్లనా?" అని ఆమె తమ్ముణ్ణి అడిగింది. చిన్నప్పటినుంచీ ఆమె ఆయన్ను అడిగింది ఆ ఒక్కటే.

కనపడేలా చేస్తే సరిపోతుంది కదా అని ఆయనకు తోచింది. నాకు ఆ మాట చెప్పిన రోజు ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, పెళ్ళి కుదిరిన వాళ్ళ ముఖాలు కూడా నేను అలా చూడలేదు. ఏళ్ళ తరబడి చేశారు. ఏ ఎర్ర వెలుతురు కాయ తోలు దాటి లోపలికి పోతుంది, ఏ ఎరుపు తోలు మీదే ఆగిపోతుంది అని దీపాలు మార్చి మార్చి చూశారు. ఆదివారాలు పులివెందుల పోయి కోల్డ్ స్టోరేజీలో స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుని కూర్చునేవారు. మండే ఎండాకాలంలో ఆ స్వెట్టరు చంకలో పెట్టుకుని బస్సెక్కే మనిషిని చూసి కండక్టర్లు నవ్వేవాళ్ళు. వారం వారం అవే కాయలను వెలుతురుకు పట్టి చూడడం, తర్వాత కోసి చూడడం. చివరికి అరచేతిలో పట్టే లైటు ఒకటి తయారైంది. పైన సైకిలు ట్యూబు ముక్కతో చుట్ట, దానిమీద కాయ ఆనిస్తే పక్కనుంచి వెలుతురు జారిపోకుండా.

నల్లగుడ్డ గదిలోకి నన్ను పిలిచి చూపించారు. రసమున్న కాయ కింద లైటు వేస్తే కాయంతా నిండుగా ఎర్రగా వెలిగింది, లోపలి తొనల గీతలు కూడా తెలిశాయి. తర్వాత ఇంకోటి పెట్టారు. పైకి రెండూ ఒకటే. రెండోది మధ్యలో మబ్బు పట్టినట్టు మసకగా ఉంది. కోశారు. లోపల పొడిగా, తెల్లగా, బెండు.

"అబ్బ" అన్నాను. నాకు సైన్సులో వచ్చిన మాట అదొక్కటే.

"ఇంగ సూటు ఎట్లా అడుగుతారో చూద్దాం. చెడిపోయింది తీసి పక్కన పెట్టి, మిగిలింది తూకమేస్తారు. లైటుకు ముఖం చూసి మాట్లాడే గుణం ఉండదు మేడమ్."

మనిషికి ఉంటుంది కదా అని అప్పుడు నాకూ తోచలేదు. తోచినా ఆయన వినేవారు కాదేమో.

తయారైన లైటును ఆయన మొట్టమొదట ఎవరికి చూపించారంటే, వ్యాపారులకు. ఒక మండీ వరండాలో వాళ్ళందరినీ పిలిచి, కాఫీలు తెప్పించి, కాయలు పెట్టి మరీ చూపించారు. అక్కకు ఆ సంగతి తెలిసి కాలేజీకి ఫోను చేసింది. ఫోను చెవికి ఆనించుకోనక్కర్లేకుండా మాకందరికీ ఆమె మాట వినపడింది.

"వాళ్ళకు యాల సూపిచ్చినావురా?"

"ఇద్దరూ కలిసి చూస్తే ఇంగ తగువెందుకుంటాదక్కా. రైతు ఒక్కడే చూస్తే వాళ్ళు నమ్మరు."

"వాళ్ళు నమ్మేదానికి చేసినావా, నాకోసరం చేసినావా?"

"దాచిపెడితే అది సైన్సు కాదక్కా" అన్నారు ఈయన. అవతల ఆమె ఫోను పెట్టేసింది. అంతకుముందే ప్రొద్దుటూరులో ఒక ఎలక్ట్రికల్ షాపాయనకు ఆ లైటు ఎలా చేయాలో గీసి ఇచ్చేశారు, ఎవరడిగినా చేసివ్వమని. ఆ కాపు కోతకొచ్చేలోపల మండీలో ప్రతి వ్యాపారి జేబులో ఒక లైటు ఉంది. రైతుల్లో ఆయన అక్కకు ఇచ్చింది తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

అక్క ఆ ఏడాది కాయంతా కోల్డ్‌లో పెట్టింది. తమ్ముడి లైటుందనే ధైర్యంతోనే పెట్టింది. తీసే రోజు కూడా ఆయనే చూసి చెప్పారు. "రేపు సూటు లేకుండా తూకం పడేది చూద్దురు రండి" అని నన్ను కూడా రమ్మన్నారు. పులివెందులలో నాకు వేరే పనేం లేదు, అయినా పోయాను. పొద్దున్నే బస్సులో ఇడ్లీ పొట్లం విప్పి నాకు పెట్టి, ఇడ్లీని కిటికీ వైపు పట్టి చూసి, తనూ తిన్నారు.

మండీ అంటే రేకుల షెడ్డు, దాని కింద ఎవరి కుప్ప వాళ్ళది. వ్యాపారి ఒక్కో కుప్ప దగ్గర ఆగుతాడు, కాయ తీసుకుంటాడు, చూస్తాడు, రేటు చెప్తాడు. చూసేది ఎప్పుడూ వ్యాపారే. రైతు చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు. ఆ పద్ధతి అక్కడ ఎవరూ పెట్టింది కాదు, ఎవరూ అడిగిందీ కాదు. మధ్యాహ్నం లోపల లారీలు వెళ్ళిపోవాలి. వెళ్ళిపోయాక మిగిలిన కాయ మిగిలినట్టే. కోల్డ్ నుంచి బయటికి తీసిన కాయ మళ్ళీ లోపలికి పోదు. దానికి చెమట పడుతుంది, చెమట పడితే బూజు.

అక్క కుప్ప దగ్గరికి వచ్చిన వ్యాపారి నడివయసు మనిషి. మర్యాదగానే నమస్కారం పెట్టాడు. కుప్ప మీదవి చూడలేదు. చెడ్డవి ఎక్కడుంటాయో తెలిసినవాడిలా వంగి, ఒక మూల అడుగు నుంచి ఒకటి తీశాడు. లైటు పెట్టి, తను చూసి, ఈయనకు అందించాడు.

"మీరే చెప్పండి సార్. మీ లైటే గదా."

ఈయన చుట్టూ వేళ్ళు మూసి, ఒక కన్ను మూసుకుని చూశారు. అబద్ధం చెప్పవచ్చు. అబద్ధం చెప్తారేమోనని నేను ఆశపడ్డాను కూడా. "బెండే" అన్నారు.

ఆ పక్కనే అడుగు నుంచి ఇంకోటి తీశాడు.

"ఇది?"

"ఇదీ బెండే."

"ఇంగ నేనేం జెప్పల్ల సార్?" అని, వ్యాపారి అక్క వైపు తిరిగి మామూలు రేటులో సగం రేటు చెప్పాడు. దానిపైన సూటు కూడా చెప్పాడు.

"లైటు పెట్టి చూసినాక మళ్ళా సూటెందుకప్పా?" అంది ఆమె.

"లైటు లైటే, సూటు సూటే అక్కా. సూటు మా తాతల కాలం నుంచి ఉండేది. లైటు నిన్నమొన్న వచ్చింది."

చుట్టూ ఉన్న రైతులు ఎవరూ నవ్వలేదు. అప్పటికే వాళ్ళ కుప్పలకు కూడా అదే జరిగిందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. వాళ్ళు చూస్తున్నది వ్యాపారిని కాదు, ఈయన్ను.

"కుప్పంతా చూడప్పా. ఒక మూల కాయలు చూసి కుప్పంతా చెడిపోయిందంటే ఎట్ల?" అన్నారీయన.

"లారీ పోవల్ల సార్. ఎన్ని కాయలని చూస్తా? మీకు తీరికుంటే మీరు చూసి మంచివి ఏరి పెట్టండి. మంచి రేటుకే తీసుకుంటా."

అది మాట వరసకు అన్న మాట. అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్క ఈయనకు తప్ప. టక్ చేసుకున్న మనిషి అలాగే కుప్ప ముందు నేలమీద మోకాళ్ళేసి కూర్చున్నారు. పొద్దెక్కి షెడ్డు కింద కూడా వెలుతురు ఎక్కువైంది, వేళ్ళు మూసి పట్టినా కాయ లోపలి ఎరుపు సరిగ్గా తెలియలేదు. మెడలో తువ్వాల తీసి తలమీదుగా ముందుకు కప్పుకుని, దాని కింద లైటు వేశారు.

"లేయ్ అబ్బీ. వాడేదో మాటకన్నాడు. అన్న రేటుకే ఇచ్చేసి పోదాం" అంది అక్క.

"లేదక్కా. చూస్తే తెలిసిపోతాది" అని తువ్వాల లోపలి నుంచి అన్నారు.

ఆయన ఒక చేత్తో కాయ తీసుకుని లోపలికి పట్టుకోవడం, చూడడం, చెయ్యి బయటికి చాపడం. బాగుంటే కుడివైపు, లేకపోతే ఎడమవైపు. కుడివైపు కాయను అక్క అందుకుని పేర్చేది. ఎడమవైపువి నేను తీసుకున్నాను. నాకు మొదట్లోనే కొంచెం పని ఉంది, తర్వాత లేదు. ఆ మూల దాటాక కాయలన్నీ కుడివైపే. పల్చటి నూలు తువ్వాల గదా, కాయ మారినప్పుడల్లా నేత సందుల్లోంచి లోపలి ఎరుపు మసగ్గా కనపడేది. "మంచివేనక్కా, శానా మంచివే" అని లోపలి నుంచి ఆయన అంటుంటే, నిజంగా గెలిచేశాం అనుకున్నాను.

కుప్ప సగం కాకముందే అవతల లారీల ఇంజన్లు మొదలయ్యాయి. వ్యాపారి మా పక్కనుంచే పోతూ, "ఇంగా చూస్తాండారా సార్? రేపు చూద్దాం లెండి" అన్నాడు. వెటకారం కూడా లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, తిట్టడానికి ఏదన్నా దొరికేది. ఈయన విన్నారో లేదో, చెయ్యి చాపుతూనే ఉన్నారు. మండీ ఖాళీ అయింది. ఊడ్చేవాళ్ళు వచ్చి మా చుట్టూ ఊడ్చి వెళ్ళారు. ఈయన చూస్తూనే ఉన్నారు. మంచి కుప్ప అక్క మోకాళ్ళ ఎత్తు దాటింది. కొనేవాడు లేడు.

చివరికి అక్క తువ్వాల మీదనే ఆయన తల నిమిరి, "చాలు నాయనా, లేయ్" అంది. తువ్వాల తీశారు. ముఖమంతా తడి. చెమటే అనుకున్నాను.

మర్నాడు ఆ మంచి కాయలన్నీ, మబ్బు పట్టినవాటితో కలిపి, జ్యూసు బండ్ల వాళ్ళు వాళ్ళకు తోచిన రేటుకు పట్టుకుపోయారు.

తర్వాత ఆయన చేయగలిగినవన్నీ చేశారు. చేసిన కొద్దీ ఎక్కడా పట్టు దొరక్కపోవడం నేను పక్కన కూర్చుని చూశాను. తన ఖర్చుతో లైట్లు చేయించి రైతులకు పంచారు. "మీ లైటు మీది, మా లైటు మాది" అన్నారు వ్యాపారులు. కనపడిన అధికారికల్లా చెప్పుకున్నారు. అందరూ ఆయన లైటును మెచ్చుకుని, ఫోటోలు తీసుకుని పంపించారు. "లైటు చెప్పేది నిజమే మేడమ్. ఏ కాయ మీద పెట్టల్లనేది లైటు చేతిలో లేదు" అని ఒకరోజు నాతో అని, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు కోపమొచ్చేది, ఎవరిమీదో తెలియని కోపం. ఆయన మీద కూడా వచ్చేది. ఆ రోజు ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయింది? కానీ చెప్పి ఉంటే ఆయన ఆయన కాదు కదా అని, ఆ కోపం కూడా నిలిచేది కాదు.

రెండో ఏడు ఎండాకాలం అక్క తోట కొట్టించేసింది. ఆ ఒక్క రోజు వల్లేనని నేననను, బోరులో నీళ్ళు కూడా తగ్గాయి. కొట్టించే ముందు చివరి గంప పంపింది. ఈయన ఆ గంపను బల్ల కింద పెట్టుకున్నారు. ఎవరికీ పంచలేదు, తను తినలేదు. వారాలు గడిచినా పైన తోలు నిగనిగలాడుతూనే ఉంది. "కోద్దాం సార్, పాడైపోతాయి" అంటే, "లోపల అయిపోయింటాయి లెండి" అన్నారు. వెలుతురుకు పట్టి చూడలేదు. అప్పుడు గమనించాను, ఆయన దేన్నీ వెలుతురుకు పట్టి చూడడం మానేసి చాలా రోజులైంది. నేను తెచ్చిన దోసె మాట్లాడకుండా తినేస్తున్నారు. దోసెకు మార్కులు వేయమని అడగాలనుకుని, క్యారియర్ మూత పెట్టేశాను. అలా దగ్గర కూర్చుని ఒక మనిషి లోపల్లోపల ఇంకిపోవడం చూస్తూ ఏమీ చేయలేకపోవడం ఎంత నరకమో నాకు అప్పుడు తెలిసింది.

చలికాలంలో ఒక ఉదయం ఆయన కాలేజీకి రాలేదు. నిద్రలోనే పోయారన్నారు.

మర్నాడు నేను వాళ్ళింటికి పోయేసరికి అక్క గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఏడుస్తున్నవాళ్ళంతా లోపలి గదిలో ఉన్నారు. ఆమె ఏడవడం లేదు. ఒళ్ళో ఆయన తువ్వాల పెట్టుకుని మడత పెడుతోంది, విప్పుతోంది. నన్ను చూసి పక్కన చోటిచ్చింది.

"అమ్మా, నువ్వు ఆ పొద్దు మండీలో ఉన్న్యావు గదా" అంది.

"ఉన్నానక్కా."

"నాకు కాయలు పోయినాయని బాధ ల్యా. వాడు ఆ మాదిరి నెత్తిన తువ్వాల కప్పుకోని కూచున్న్యాడే, అదే యాదికొస్తాది. నాకు మొగం సూపియ్యలేక కప్పుకున్న్యాడేమోనని. నువ్వు సదువుకున్నదానివి, పక్కనే ఉన్న్యావు. వాడు నిజంగా సూస్తాన్న్యాడా?"

నాకు ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని ఒక సంగతి ఉంది. లారీలు వెళ్ళిపోయిన కాసేపటికి తువ్వాల నేత సందుల్లోంచి ఎరుపు కనపడడం ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందో, ఆయనే ఆపేశారో నాకు తెలియదు. లోపల చీకటి. అయినా ఆ చేతులు కాయ తీసుకుంటూనే ఉన్నాయి, కాసేపు పట్టుకుంటూనే ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పకుండా కుడివైపు, అక్క చేతికే ఇస్తూ ఉన్నాయి. జీవితంలో ఒక్క కాయ గురించి కూడా అబద్ధం చెప్పని మనిషి, కొనేవాడు లేని మండీలో, వెలుతురు లేని తువ్వాల కింద, కుప్ప అంతా మంచిదేనని ఆమెకు చెప్పుకుంటూ పోయారు.

"చూస్తూనే ఉన్నారక్కా. ఒక్కొక్క కాయా చూసే ఇచ్చారు" అన్నాను.

ఆమె తువ్వాల మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నా కాయలు మంచివే."

"మంచివేనక్కా."

"వాని లైటు సక్రంగా పనిచేసింది."

"చేసిందక్కా" అన్నాను. "కడదాకా పనిచేసింది."